టాలరెన్సు పావు మీటరు

ఏసుపాదం గట్టంట నడిచి పంపిన గీతలో
పద్నాలుగొందల పన్నెండు చుక్కలు.
అరటితోట దాటాక చుట్ట ముట్టించుకోను ఆగాడు కాబోలు,
అరచేతిలో పట్టేంత జాగాలో తొమ్మిది.
గేదె అడ్డొస్తే పక్కకు తొలిగినవి మూడు.
లంక మలుపులో వాన అందుకున్నట్టుంది,
గీతంతా కోడి కెలికిన పెంట.

అమలాపురం ఆఫీసులో
కరెంటు పోతూ వస్తూ ఉన్న మధ్యాహ్నం
టాలరెన్సు పావు మీటరని కొట్టాను.
తూర్పారబట్టిన తాలులా ఎగిరిపోయాయి.
మిగిలినవి రెండొందల ఆరు.
నూనె రాసి దువ్విన తల, కాలవ.

ఆరొందల పదకొండో చుక్క దగ్గర
జానెడు వంపు ఉండేది. అదీ పోయింది.
ఎందుకో ఫోన్ చేశాను.

"అక్కడ గట్టు కడుపుతో ఉంటాదండి.
ఎనభయ్యారులో గండి పడితే
ఇసక బస్తాలు అవతలికేసి కట్టామండి.
అప్పుడు బారెడు. అరిగి అరిగి ఇంతే మిగిలింది.
నీళ్ళు మాత్రం మర్చిపోలేదండి."

అన్‌డూ నొక్కితే
చుట్టా, గేదే, వానా అన్నీ తిరిగొస్తాయి.
ఆ ఒక్క చుక్కా చేత్తో పెట్టాను.

సాయంత్రం ఏఈ గారు తెర మీద వేలు ఆన్చి
"ఇక్కడ మౌస్ జారిందా?" అన్నారు.

"గండండీ" అన్నాను.