ఇచట మంచు మాత్రమే అమ్మబడును

మా కౌంటీలో మందు అమ్మితే నేరం.
తాగితే నేరమని మాత్రం
ఎక్కడా రాసుకోలేదు ఆర్కన్సా పెద్దలు.
రాసేవాళ్ళకీ ఆ సాయంత్రం గొంతు ఎండిపోయి ఉంటుంది.

అందుకని వంతెన దాటి పదకొండు మైళ్ళు పోయి
పక్క కౌంటీలో కొనుక్కుని
మట్టిరంగు కాగితం సంచిలో చుట్టుకుని
చంటిపిల్లని తెచ్చినట్టు తెస్తారు నా దగ్గరికి.
గుమ్మం పక్కన మా డ్వేన్ పలక మీద రాసిపెట్టాడు
ఇక్కడ మంచు మాత్రమే అమ్ముతామని.
కొత్తవాళ్ళు చదివి నవ్వుతారు,
పాతవాళ్ళు మూడు డాలర్లు తీసి గట్టు మీద పెడతారు.

మూడు డాలర్లకి ఒక గ్లాసు, దాన్నిండా మంచు,
పైన సోడా, అడిగితే నిమ్మచెక్క,
అడక్కపోయినా వెర్నా చెవులు రెండూ.
మిగతాది మీరు తెచ్చుకున్నదే.

తెల్లటేపు చింపి పేరు రాసి అంటిస్తాను,
వెనక అరలో నిలబెడతాను,
పిలిస్తే ఎవరిది వాళ్ళకే వంచుతాను.
జీతాల శుక్రవారం సీసా నునుపు వేరు,
నెలాఖరు సీసా మూత ఇట్టే విరిగిపోతుంది.
కోళ్ళ ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఆరుగురికి ఒక్కటే తెస్తారు,
ఎక్కడిదాకా ఉందో లిప్‌స్టిక్‌తో గీత గీసి మరీ ఇస్తారు.
నాకేం కోపం లేదు.
మా ఆయన సీసా మీద నేనూ గీసేదాన్ని,
తాగాక నీళ్ళు కలిపి గీత దాకా తెచ్చేవాడు.

ఆర్విల్ స్ట్రౌడ్‌ది మూల స్టూలు.
దుంగల లారీ నడుపుతాడు.
పోయినేడాది ముందరేడు, మార్చిలో,
ఎప్పటి సంచీ, ఎప్పటి లేబులు,
మూత తిప్పానో లేదో
టీ వాసన.
చల్లారిన, చక్కెర లేని, ఉత్త టీ.
రంగు మాత్రం అచ్చం అదే.
తలెత్తి చూశాను.
అతను చెర్రీపళ్ళ సీసా వైపు చూస్తున్నాడు,
ఒక్కొక్క పండూ లెక్కపెడుతున్నట్టు.

పోశాను. మంచు వేశాను.
"నిమ్మచెక్క వెయ్యనా?" అన్నాను,
పన్నెండేళ్ళలో అతన్ని అడగని మాట.
"వెయ్యి" అన్నాడు.

అంతే. ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు.
మూడు డాలర్లూ తీసుకుంటూనే ఉన్నాను,
ఒక్క వారం వద్దన్నా పక్క స్టూలుకి అనుమానం వస్తుంది.
"ఎంత పోసినా నీ చెయ్యి వణకదురా ఆర్విల్,
నువ్వే బండి తియ్యి" అంటారు వాళ్ళు,
నలుగుర్నీ ఎక్కించుకుని
నాలుగు గుమ్మాల్లో దింపి వెళ్తాడు.

ఒక రాత్రి డిప్యూటీ లెడ్‌బెటర్ తనిఖీకొచ్చాడు.
నేను అమ్ముతున్నానేమోనని అర అంతా వెతికాడు,
పేరు పేరూ చదివాడు,
ఆర్విల్‌ది మూత తీసి వాసన చూశాడు.
నేను తుడిచిన గట్టే మళ్ళీ తుడిచాను.
చాలాసేపు ముక్కు దగ్గరే పట్టుకుని
మూత బిగించి, పేరు ఇటు తిరిగేలా పెట్టి,
"అన్నీ లెక్క ప్రకారమే ఉన్నాయి" అని
టోపీ పెట్టుకున్నాడు.

పోయిన నెల రంపపుమిల్లు కుర్రాడు,
వాడిది ఖాళీ అయితే, అర వైపు చెయ్యి చాపి
"ఆర్విల్ మామ సీసాలోంచి ఒక్క గుక్క పొయ్యి,
రేపు తిరిగిచ్చేస్తా" అన్నాడు.
ఇక్కడ అలా ఇచ్చిపుచ్చుకోడం మామూలే.
ఆర్విల్ గ్లాసులో మంచు ఆగిపోయింది.

"కుదరదు" అన్నాను.
"ఎవరి సీసా వాళ్ళదే. ఇది ఈ చోటి రూలు."
"ఎప్పట్నించి?" అన్నారు అంతా ఒక్కసారే.
"ఎప్పట్నించో ఉంది, మీరే చదవలేదు" అని
డ్వేన్ చేతికి సుద్దముక్క ఇచ్చి బయటికి పంపాను.

ఇప్పుడు పలక మీద రెండు వాక్యాలున్నాయి.
మొదటిది చదివి ఇంకా నవ్వుతూనే ఉన్నారు.
రెండోది చదివినవాళ్ళు
వెర్నా పిసినారి అంటున్నారట, వంతెన అవతలదాకా.
అననీ.