తెగినవీ, రాలినవీ

హర్మటాన్ గాలి దిగిన మూడో వారం.
తమాలే ఊరంతా ఎర్రటి పిండి జల్లినట్టుంది.
పెదవులు పగులుతున్నాయి, తలుపు చెక్కలు పగులుతున్నాయి,
నా రేకుల పంచలో కుర్చీ కింద
రోజూ కంటే ఎక్కువ వెంట్రుకలు.

వెంటనే ఊడ్చెయ్యను.
ఒక్కోటీ తీసి వెలుతురుకి పట్టి చూస్తాను.
మొదట్లో తెల్లటి చుక్క ఉంటే అది రాలింది.
దాని రోజులు నిండాయి, దానికోసం ఏడవక్కర్లేదు.
చుక్క లేకుండా, పొట్టిగా, కొక్కెంలా వంగి ఉంటే
అది తెగింది.
తెగిందంటే ఎవరో తెంపారు.

ఇవాళ్టివన్నీ తియుంబావే.
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చి
తలగుడ్డ విప్పకుండానే కూచుంది.
"సనాతూ, అద్దం అటు తిప్పు" అంది.
తిప్పాను. గుడ్డ విప్పాను.
కణతల దగ్గర రెండు వేళ్ళ మేర
గడ్డిలో కాలిబాట పడ్డట్టు
ఉత్త చర్మం.

ఆ బాట వేసిందెవరో నాకు తెలుసు.

నాలుగేళ్ళుగా ఈ తల నా చేతుల్లోదే.
"గట్టిగా అల్లు, నెలంతా నిలవాలి" అనేది.
కనుబొమలు పైకి లేచేదాకా లాగి అల్లేదాన్ని.
రాత్రంతా నొప్పికి నిద్రలేదంటే
అందం ఊరికే వస్తుందా అని నవ్వేదాన్ని.
సనాతు అల్లిక చెదరదని పేరు.
ఆ పేరు మీదే ఈ రేకులు కొన్నాను,
అటు తిప్పిన ఆ అద్దమూ కొన్నాను.
జుట్టున్న తలకి ఏ కొప్పైనా నప్పుతుంది, సరే,
ఉండనిచ్చానా నేను?

మాట్లాడకుండా నీళ్ళు తెచ్చాను.

ఈ జుట్టుని మొండిదంటారు. కాదు.
ఇనుపతీగ చుట్టలా కనిపిస్తుందే గాని
ప్రతి మెలిక దగ్గరా సన్నబడి ఉంటుంది.
మాడు మీద ఊరిన నూనె
అన్ని మలుపులూ తిరిగి కొసదాకా పోలేదు,
వేసవి వాగులా నడిమిలోనే ఇంకిపోతుంది.
కొసలేమో అన్నిటికంటే ముసలివి.
ఎప్పటి ఎండనో, ఏ పెళ్ళికో కాల్చిన దువ్వెననో
ఇంకా మోస్తూనే ఉంటాయి.

అందుకే ముందు నీళ్ళు, ఆపైన వెన్న.
పొడి జుట్టుకి వెన్న పూయడం
ఖాళీ కుండకి మూత పెట్టడమే.
సావెలుగు నుంచి వచ్చిన షియా వెన్న,
సొరబుర్రలో గడ్డకట్టి, కాస్త పొగవాసనతో.
గోటితో గీరి అరచేతుల మధ్య నలిపాను,
కరిగేదాకా ఆగాను.
ఆగడం నాకు కొత్త.

దువ్వెన తర్వాత. ముందు వేళ్ళు.
కొసన ఉన్న చిక్కు ముందు,
దానికి జానెడు పైన ఇంకోటి.
పాయని పిడికిట్లో బిగించాను,
లాగుడు నా చేతికే తగలాలి, తన మాడుకి కాదు.

ఈలోగా కాలేజీ పిల్ల ఒకతి వచ్చి
శుక్రవారం పెళ్ళికి సన్నజడలు కావాలంది, బిగువుగా.
"వదులుగా అల్లుతాను. పదిరోజులకే చెదురుతాయి" అన్నాను.
నాలుక చప్పరించి రోడ్డు దాటి
అజారా దుకాణంలోకి పోయింది.
నలభై సీడీలు నడిచిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.
పిలవాలనిపించింది, ఎందుకనిపించదు?

తియుంబా మెడ నా పొట్టకి వాలింది.
నిద్ర.
నా కుర్చీలో పళ్ళు బిగించినవాళ్ళనే చూశాను,
గురకపెట్టినవాళ్ళని చూళ్ళేదు.

నాలుగే నాలుగు లావు జడలు వేసి లేపాను.
"దిండుకి నూలు గుడ్డ వద్దు, ఉన్న తేమంతా తాగేస్తుంది.
జారుడు గుడ్డ చుట్టుకుని పడుకో" అన్నాను.
తను అది వినలేదు.
"ఇక్కడ మళ్ళీ వస్తుందా?" అంది కణత చూపించి.

కుదురు బతికుంటే వస్తుంది.
గాజులా మెరిసే చోట రాదు.
వెన్న వేలితో ఎడమవైపు మెల్లగా తడిమాను,
గరుకు తగిలింది,
గడ్డం గీసిన మర్నాటి చెంప లాంటి గరుకు.
తన వేలు పట్టి అక్కడ పెట్టాను.

కుడివైపు సంగతి తను అడగలేదు.