రెండు వాలుగీతలు, ఒక పేరు

తెల్లారగట్ల నాలుగింటికి ఫోను.
"మిసను పలకట్లేదు బాబూ,
సీటీలు రాకపోతే సేపల మీదకి ఎండొచ్చేస్తాది."

పాతపోస్టాఫీసు దిగువన
ఐసు బండి కార్చుకుంటూ పోయిన తడిగీత.
దాన్ని పట్టుకునే హార్బరు చేరాను,
నేనూ, నా స్కూటరూ, స్క్రూడ్రైవర్ల సంచీ.

కింద తూకంగదిలో ప్రింటరు,
మేడమీద లెక్కల కంప్యూటరు.
రాత్రి అప్‌డేట్ వచ్చిందట.
"ఆపకండి" అని నీలంతెర మీద రాసి
ముప్పై అయిదు శాతం దగ్గర గంటన్నర కూర్చుందట.
లేచాక, ఆరేళ్ళ నేస్తాన్ని
ఎన్నడూ చూడనట్టు చూసింది.

ఉప్పుగాలికి పచ్చబడ్డ కేబులు మూతి తుడిచాను. అది కాదు.
డ్రైవరు తీసి మళ్ళీ వేశాను. అదీ కాదు.
సెట్టింగుల్లోకి దిగగా దిగగా తెలిసింది,
మన నెట్‌వర్కుని పరాయిచోటు అనుకుంటోంది.
కాంప్లెక్సు బస్టాండులో
సంచీ ఒళ్ళో బిగించుకు కూర్చున్న మనిషిలా.
"ఇది మన ఇల్లే" అని ఒక చుక్క నొక్కి చెప్పాను.
నమ్మింది, సగం.

ఈలోగా మరిడమ్మ
థర్మోకోలు పెట్టె మూత మీద బొగ్గుతో గీస్తోంది:
వంజరం పద్నాలుగు, చందువ ఆరు.
వేలంపాట ఆగలేదు.
ఆగింది కాగితమొక్కటే.

ఇక దారి చేత్తో రాయాలి.
రెండు వాలుగీతలు, ఆపైన కింది కంప్యూటరు పేరు.
దిగి చూశాను. ఎల్లాజీ.
"ఎవరమ్మా ఈయన?"
"మునుపు ఆ కుర్సీలో కూకునీవోడు.
ఈ వైర్లూ అయ్యీ ఆడే కలిపినాడు.
టీ కొట్టోడికి నూటెనభై బాకీ పెట్టి ఎల్లిపోనాడు."
"ఎక్కడికి?"
మూత మీద ఇంకో గీత గీసింది.

మేడెక్కి పేరు కొట్టాను.
ఎర్రగా ఏదో అంకె.
ఒక 'ఎల్' తక్కువైంది. మళ్ళీ కొట్టాను.

కింద ఎవరో గొంతు సవరించుకున్నట్టు,
రాత్రి నుంచీ ఇరుక్కున్నవన్నీ
కంగారులో పదేపదే నొక్కినవన్నీ
ఒకే బోటుకి ఏడు చీటీలు.
ఆరింటిలో నెత్తళ్ళు పొట్లం కట్టింది మరిడమ్మ.
ఏడోదాన్ని మూతతో సరిచూసి
"రెండు కేజీలు తేడా" అంది,
తప్పు నాదైనట్టు.

వెళ్ళేముందు అడిగాను, ఆ పేరు మార్చెయ్యనా అని.
"ఒగ్గీ బాబూ.
మారిస్తే మల్లీ ఇది ఎవుల్ని ఎతుక్కుంటాదో."

టీ కొట్టు గోడ మీద సుద్దతో
ఎల్లాజీ, 180.
చివరి సున్నా
ఈమధ్యే దిద్దినట్టుంది.