తట్టి చూడటం

కవిటి నుంచి తొలి బస్సుకే శ్రీకాకుళం దిగింది డిల్లెమ్మ,
పరగడుపున, డాక్టరు చీటీతో.
"లివరంటే తాగుబోతోల జబ్బు గదా బాబూ,
నాను సుక్క ముట్నేదు"
అంది, బల్ల ఎక్కకముందే.

ముందు గదిలో అల్ట్రాసౌండ్ తీశారు:
నల్లటి కిడ్నీ పక్కన కాలేయం
పుష్యమాసపు తెల్లారుజామున నాగావళి మీది మంచులా తెల్లగా.
నాళాల అంచులు అవతలి గట్టులా
కనీ కనపడక.

ఈ గది నాది.
కుడిచెయ్యి తల వెనక్కి పెట్టించి
పక్కటెముకల నడుమ జెల్లు రాసి
ప్రోబు ఆన్చి మీట నొక్కాను.
టప్.
ఉలిక్కిపడి, ఆనక నవ్వింది:
"ఓస్, పనసకాయ తట్టినట్టే!"

ముప్పై ఏళ్లుగా ఉద్దానం తోటల్లో
కత్తి పెట్టకుండా కాయ కడుపు చెప్పిన చెయ్యి అది.
పదోసారి దాకా కళ్లు మూసుకుని
తనూ వింది.

"పచ్చా? పండా?"

కొవ్వుంది. గట్టిపడలేదింకా.
పండిన పనస మళ్లీ పచ్చిదవదు,
ఇది వెనక్కి రాగలదు.
డాక్టరుగారు చెప్పాల్సిన మాట, నేనే అనేశాను.

బిల్లు చూసి, కొంగుముడి విప్పబోయి ఆగింది:
"తట్టి సెప్పినందుకే ఇంతా?
నానైతే కాయ కొంటేనే
డబ్బులు పుచ్చుకుంతాను."