సీలు తియ్యని సీసా

యానాం లాడ్జిలో నన్ను బోయ్ అంటారండి.
ఏభై రెండు నిండాయి, మెట్లెక్కితే మోకాళ్ళు పలుకుతున్నాయి,
బెల్లు మోగితే మాత్రం ఇంకా బోయ్‌నే.

కొత్తగా వచ్చారు కాబట్టి చెప్తున్నా, ఆయ్.
ఇక్కడ మందు చవక.
జరీ చీరకి వేరే రంగు గుడ్డముక్క అతికినట్టు
చుట్టూ ఆంధ్రా, మధ్యలో మేం పుదుచ్చేరి.
గది తలుపేసుకుంటే మీరూ మీ సీసా.
గోదారి గట్టు మీద మాత్రం వద్దండి,
సాయంత్రం పిల్లలు చెప్పుల్లేకుండా పరిగెడతారు.
గాజుపెంకు దిగిన పాదం
మీ ఊరు వెతుక్కుంటూ రాలేదు కదా.

గాంధీగారి పుట్టినరోజుకి షట్టర్లు దించేస్తారు,
ఓట్లప్పుడూ అంతే.
ఆ రోజు నన్ను కన్నుగీటి పిలవకండి.
నా దగ్గర ఉంటే ఉంటుంది.
పిలవకండి.

అసలు చిక్కు వంతెన.
ఇటు యానాం, అటు ఎదుర్లంక, కింద గౌతమి.
పెళ్ళి బస్సు దాటుతుంది, కొబ్బరి లారీ దాటుతుంది,
పులస ఐసు పెట్టెలో పడుకుని
మహారాణిలా దాటుతుంది.
సీసా దాటకూడదు.
అవతల చెక్‌పోస్టులో డిక్కీ తెరిపిస్తారు,
పూతరేకుల డబ్బాలు కూడా ఊపి చూస్తారు.
పూతరేకులు గలగలమనవు మరి.

కల్లు కావాలంటే తెల్లారగట్లే లంకలోకి పోవాలి.
మా తోడల్లుడు పల్లయ్య దింపుతాడు.
ఎండెక్కాక అడిగితే పులిసిపోయిందని నవ్వుతాడు.
ముంతకి ధర చెబుతాడు, పైన ఇస్తే తీసుకోడు,
బీడీ ఉందా అంటాడు.

నేను తీసుకుంటానండి. అబద్ధం దేనికి?
కాకపోతే దానికో రూలు లేదు.
కొందరు దిండు కింద పెట్టిపోతారు,
దొంగలా తీసుకోవాలి.
కొందరు టీ తాగమని
టీకి చాలనంత ఇస్తారు.
ఒకాయన పదిమందిలో జేబులో కుక్కి భుజం తట్టాడు,
నోటు ఆ పూటే ఖర్చయింది,
ఆ తట్టు ఇంకా ఇక్కడే ఉంది.

పోయినేడు, గోదారికి ఎర్రనీళ్ళు దిగినప్పుడు,
బళ్ళారి వైపు నుంచి హంపన్నగారని వచ్చారు.
మొదటి రోజే సీసా కొన్నారు,
టేబుల్ మీద పెట్టారు.
రెండు గ్లాసులు తెమ్మన్నారు.
మూడు రాత్రులు రెండు గ్లాసులు కడిగానండి.
రెండింట్లోనూ నీళ్ళే.
ఒకటి ఖాళీ అయ్యేది, ఒకటి నిండుగా ఉండేది.
సీలు అలాగే ఉండేది.
నేను అడగలేదు.
లాడ్జిలో మొదట నేర్చిన మర్యాద అది.

వెళ్ళేరోజు ఆటో ఎక్కుతూ అడిగారు, పేరేంటని.
మూలాస్వామి అన్నాను.
నా గొంతే నాకు కొత్తగా వినిపించింది.
సీసా నా చేతిలో పెట్టారు.
ఇది నీకు, మూలాస్వామీ.

నా ఇల్లు ఎదుర్లంకలోనండి.
ముప్ఫై ఏళ్ళుగా ఎవరెవరి చిల్లరో
సైకిలు మీద వంతెన దాటించాను.
దీన్ని దాటించలేను.
అమ్మేయమంటుంది మా ఆవిడ.
ఒకసారి టిఫిన్ సంచిలో పెట్టుకుని
వంతెన సగం దాకా వెళ్ళాను.
కింద నీళ్ళు ఏ రాష్ట్రానివో తెలీలేదు.
చాలాసేపు నిలబడి
వెనక్కి తిప్పాను.

దుప్పట్ల అల్మారాలో ఉందిప్పుడు, అడుగు అరలో.
షట్టర్లు దించిన రోజున మీరు ఎంతిస్తానన్నా ఇవ్వను.
అందుకే ఇందాక పిలవొద్దన్నాను.

సరే, ఫ్యాను రెగ్యులేటరు పని చెయ్యదు,
మూడు మీదే తిరుగుతుంది.
దోమలొస్తాయి, కిటికీ తియ్యకండి.
మంచినీళ్ళు పెట్టాను.
గ్లాసులు
ఒకటి తెమ్మంటారా, రెండా?