సున్నలోని ముక్క

వాషింగ్ మెషీను పక్కనే నా ఫ్యాక్టరీ.
అది తిరిగితే ఇది ఆగాలి,
లేకపోతే బల్ల వణికి, బ్లేడు తడబడి
పేర్లకి పళ్ళు మొలుస్తాయి.
అందుకే సోమవారం బట్టలు,
మిగతా రోజులు అక్షరాలు.

న్యూఫౌండ్‌లాండ్‌లో, రేవు మీది రెండో మలుపులో,
ఆకుపచ్చ తలుపు ఇల్లు. బోర్డు లేదు.
బోర్డులు చేసేదానివి, నీ ఇంటికి బోర్డేదీ అంటారు.
కనుక్కుని వచ్చి, నా వంటింట్లో నిలబడి మరీ అంటారు.

కోత మెషీనుది. నాది కలుపు తీత.
కొక్కెం సూదితో మూల లేపి
అక్కర్లేని వినైల్‌ని మెల్లగా లాగేస్తే
అక్కరైనది కాగితం మీద మిగులుతుంది.
ఈ ఊళ్ళో మన్ను తక్కువ, రాయి ఎక్కువ.
బంగాళాదుంపల మడిలో మా అమ్మ నడుము తిరిగిన వంపే
దీపం కింద నాకూ వచ్చింది.

సున్న లోపల ఒక ముక్క ఉంటుంది.
అది తీయడం మరిస్తే సున్న కాదు, బొత్తాం.
తీసిన ముక్క వేలికి అంటుకుంటుంది,
వేలి నుంచి మోచేతికి, మోచేతి నుంచి పిల్లికి.
పోయిన ఆదివారం చర్చిలో మినర్వా
నా జుట్టులోంచి ఎర్రటిదొకటి పీకి
"ఇదెవరి పేర్లోది?" అంది.
పేరు కాదు, పీతల పర్మిట్ నంబరు.
ఎనిమిదిలో కింది గది.

గార్లండ్ తన మంచుబండికి మంటలు కావాలన్నాడు,
నారింజ రంగువి, రెండు పక్కలా.
డబ్బుకి బదులు మూస్ మాంసం తెచ్చాడు.
లెక్కల పుస్తకంలో రాసుకున్నాను:
మంటలు ఒక జత. తొడ ఒకటి.

ఫిబ్రవరిలో జిగురు చచ్చిపోతుంది.
షెడ్డులో హీటరు పెట్టి
జ్వరం చూసినట్టు పడవ ముక్కు మీద అరచెయ్యి ఆనించి
ఊఁ, ఇప్పుడు, అనిపించినప్పుడే అంటించాలి.
పీకడానికీ అంతే వెచ్చదనం కావాలి.

హెడ్లీ పడవ అమ్మేశాడు.
కొన్నది సెల్బీ మనవరాలు ట్రైఫీనా,
కొత్త పేరు కాగితం మీద రాసి తెచ్చింది.
పడవకి పేరు మారిస్తే కీడంటారు ఇక్కడ.
నేను మాత్రం అనను,
నా రాబడిలో సగం ఆ కీడుదే.

'ఓపల్ జేన్' నేను కోసిన మొదటి పేరు.
ఇరవై రెండేళ్ళు.
హెడ్లీ భార్య పేరు గ్లాడిస్.
ఓపల్ ఎవరని అప్పుడు నేను అడగలేదు,
అడిగినవాళ్ళకి ఆయన చెప్పలేదు.

హీట్ గన్‌తో కాస్త కాస్త వేడి చేసి
ఒక్కో అక్షరం ఒలిచాను.
ఎండకి పడవంతా వెలిసి పాలనీలం అయింది గానీ
అక్షరాల కింద మొదటి రోజు నీలం అలాగే ఉంది.
చివరి అక్షరం ఊడేసరికి
పేరు మునుపటికంటే బాగా కనిపిస్తోంది.
సున్న లోపల మాత్రం పాలనీలం.
నేను ముక్క తీసేసిన చోట
ఎండ అన్నేళ్ళూ కూర్చుని వెళ్ళింది.

హెడ్లీ తలుపు దగ్గరే నిలబడ్డాడు, చేతులు జేబుల్లో.
"ఓ కొంచెం వంకరగా వేశావు అప్పుడు" అన్నాడు.
నాకు తెలుసు. ఆయనకీ తెలుసని తెలియదు.

రంగు వేయించాలంటే ఖర్చు.
ట్రైఫీనా లోపలి బుగ్గ కొరుక్కుంటూ లెక్క వేసుకుని
"దాని మీదే అంటించెయ్,
అంచులు కనపడితే కనపడనీ" అంది.

పాతదానికి ఇరుపక్కలా టేపు పెట్టి కొలిచాను.
కొత్త పేరులో సున్న లేదు.
సాయంత్రం మోచేతికి ఏమీ అంటుకోలేదు.

రేపు పళ్ళ డాక్టరు తలుపుకి పని వేళలు.
తొమ్మిది నుంచి అయిదు, శుక్రవారం సగం పూట.
తొమ్మిదిలో ఒకటి.