మిరపకాయ అంచు

నాటింగ్‌హామ్‌లో పాత లేసు మిల్లు, మూడో అంతస్తు.
యంత్రాలు ఎప్పుడో పోయాయి,
నేలమీద వాటి కాళ్ళ గుంటలు మిగిలాయి.
మంగళవారం పదింటికి ఆ గుంటల మధ్య కుర్చీలు వేస్తారు,
బిస్కెట్లు పెడతారు,
ఇంగ్లీషు రాని ఆడవాళ్ళం వచ్చి కూర్చుంటాం.

నాకు వచ్చినవి: సారీ, థాంక్యూ, రెయిన్.
గులిజార్‌కు వచ్చినవి: సారీ, నో, డాక్టర్.
కలిపితే ఐదే.
సారీ ఇద్దరిదీ.

టీచరమ్మ ఫియోనా బోర్డుమీద మబ్బులు గీస్తుంటే
నా కళ్ళు గులిజార్ తలగుడ్డ అంచుమీద.
సూదితో అల్లిన ఎర్ర మిరపకాయలు,
గోరంతవి, వరసగా వేలాడుతూ.
ముట్టుకోనా అని వేలితో అడిగాను.
గుడ్డ విప్పి నా ఒళ్ళో పడేసింది.
లేని మీసం మెలేసింది,
మూతి ముడిచింది, మొహం అటు తిప్పుకుంది.

ఓహో.
మొగుడిమీద కోపమొస్తే నోరు చేసుకోనక్కర్లేదన్నమాట.
మిరపకాయలు చుట్టుకుని వీధిలోకొస్తే
అత్తకీ తెలుస్తుంది, బజారుకీ తెలుస్తుంది.

మా నర్సాపురంలో ఏడో ఏట కొక్కెం పట్టాను.
గొలుసు, కాడ, మళ్ళీ గొలుసు.
తెల్లదారం తప్ప ఎరగను.
ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు,
అల్లింది తూచి పట్టుకుపోయేవాడు.
మరకపడితే డబ్బులు కోత,
అందుకని చెయ్యి కడుక్కుని, నోరు మూసుకుని అల్లాం.
ఏ దేశంలో ఎవరి బల్లమీద పరిచారో,
ఎవరు వాటిమీద కాఫీ ఒలకబోశారో,
అన్ని వేల పువ్వులు పంపామా,
ఒక్క పువ్వుతోనూ ఒక్క కబురూ పంపలేదు.

ఆ పొద్దున మా ఇంట్లో హీటరు గొడవైంది.
నేను వేస్తాను, ఆయన ఆర్పుతాడు.
గులిజార్ సంచిలోంచి ఎర్రదారం లాగాను.
ఆమెది సూది, నాది కొక్కెం.
ఆమె ముడి బిగువు, నాది వదులు.
మొదటి మిరపకాయ వంకాయలా వచ్చింది. విప్పేసింది.
రెండోది రొయ్యలా వచ్చింది.
దాన్ని మాత్రం విప్పనివ్వలేదు.
వల ఎత్తగానే రొయ్య ఎలా ఎగురుతుందో
చేత్తో చూపించాను,
గోదారి వెడల్పు చూపించడానికి రెండు చేతులూ చాల్లేదు.
ఆమె ఆ దారపు రొయ్యని ముక్కుకి ఆనించుకుని
వాసన చూసింది.

మూడోది కారంగా కుదిరింది.
రాత్రి మా ఆయన టిఫిన్ డబ్బాకి కట్టాను.
పొద్దున్నే చూశాడు, బావుందే అన్నాడు,
విప్పి కారు తాళాలకి తగిలించుకుని పోయాడు.
భాష రాదు మనిషికి.

మళ్ళీ మంగళవారం
గులిజార్ కనుబొమ్మలెగరేసింది. ఏమన్నాడు?
తాళాలు గలగలలాడించినట్టు చూపించాను.
ఆమె బల్లమీద తల వాల్చి
భుజాలదిరేలా నవ్వుతూ ఉంది, నేను ఆమె వీపు పట్టుకుని.
ఫియోనా సగం గీసిన మబ్బు దగ్గర ఆగి
ఏమైందన్నట్టు చూసింది.

ఇద్దరం ఒకేసారి
సారీ అన్నాం.